సింగపూర్‌లో బంకరింగ్ అప్పుడు ఎదురుగా కనిపించే బుకోమ్ దీవి: ఈ చమురు రూల్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయి?

కొత్తఫోర్త్ (రాత్రి 9:12)
అందరికీ నమస్తే. నేను ఫోర్త్ ఇంజినీర్‌గా చేరి ఏడు నెలలైంది, మాది కాకినాడ. ఈ వారం సింగపూర్ యాంకరేజ్‌లో బంకర్ (ఓడ ఇంజిన్‌కి కాల్చే చమురు) తీసుకున్నాం, ఇది నాకు మూడోసారి. మా చీఫ్ ఎంత గట్టిగా ఉంటారంటే చమురు తెచ్చే బార్జ్ ఇంకా కనపడకముందే డెక్ మీద స్కప్పర్లన్నీ (నీళ్ళు సముద్రంలోకి పోయే కన్నాలు) ప్లగ్ చేయించి, మానిఫోల్డ్ (హోస్ కలిపే పైపుల చోటు) కింద ట్రేలో వాన నీళ్ళు కూడా గుడ్డతో తుడిపించి, రంపపు పొట్టు బస్తాలు లెక్కపెట్టించి, అప్పుడు గానీ చమురు పని జరుగుతోందని చెప్పే ఎర్ర బ్రావో జెండా ఎత్తనివ్వలేదు. హోస్ కలిపాక నేను రైలింగ్ దగ్గర నిలబడి చూస్తుంటే దూరంగా ఒక దీవి నిండా ట్యాంకులే. అదేంటి సార్ అంటే "బుకోమ్, ఈ రూల్స్ చాలావరకు అక్కణ్ణుంచే మొదలయ్యాయి, తెల్లోళ్ళ టైం నాటివి" అని ఒక్క ముక్క చెప్పి సౌండింగ్ తీయడానికి (ట్యాంకులో చమురు ఎంతుందో కొలవడానికి) పంపేశారు. మళ్ళీ అడిగే టైం దొరకలేదు.

నాకు తెలిసింది సోలాస్ (ఓడల భద్రత ఒప్పందం), మార్పోల్ (ఓడల కాలుష్యం ఆపే ఒప్పందం), కంపెనీ చెక్‌లిస్ట్, అంతే. అసలు మార్పోల్ లేని రోజుల్లో, బ్రిటిష్ వాళ్ళ రేవుల్లో ఓడలకి చమురు నింపేటప్పుడు రూల్స్ ఉండేవా? దీవి మీద ఎందుకు పెట్టారు? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతకాగితాలు (రాత్రి 9:58)
మంచి ప్రశ్న తమ్ముడూ. బుకోమ్ కథ చెప్తాను, కొంచెం పొడుగు, ఓపిగ్గా చదువు.

1890కి ముందు మన వైపు దేశాలకి కిరసనాయిలు డబ్బాల్లోనే వచ్చేది. ఒక చెక్క పెట్టెలో రెండు రేకు డబ్బాలు, దాన్ని కేస్ ఆయిల్ అనేవాళ్ళు. మన అమ్మమ్మల ఇళ్ళల్లో బియ్యం పోసుకున్న డబ్బాలు, మూత కోసి నీళ్ళు మోసిన డబ్బాలు అన్నీ ఆ వంశమే. మార్కస్ శామ్యూల్ అనే లండన్ వ్యాపారికి రష్యా చమురుని బాటుమి రేవు నుంచి డబ్బాలు లేకుండా ఓడ ట్యాంకుల్లోనే నింపి సూయజ్ కాలవ గుండా తెద్దామని ఆలోచన వచ్చింది. కాలవ కంపెనీ అప్పటిదాకా అలాంటి ఓడల్ని రానివ్వలేదు, కాలవ మధ్యలో అంటుకుంటే ఏంటి గతి అని. అందుకని మ్యూరెక్స్ అని ఒక ఓడని ప్రత్యేకంగా కట్టించారు. ట్యాంకులు విడివిడిగా ఉంటాయి, వేడికి చమురు ఉబ్బితే పట్టడానికి పైన జాగా ఉంటుంది, ఓడ నేలకి తగిలి ఇరుక్కున్నా చమురు కాలవలోకి వదలకుండా బ్యాలస్ట్ నీళ్ళు మాత్రం తోడేసి తేల్చొచ్చు. 1892 ఆగస్టులో అది సూయజ్ దాటింది.

ఇప్పుడు అసలు విషయం. ఆ చమురు సింగపూర్‌లో దింపాలి కదా. మొదట ఊరి ఒడ్డునే పాసిర్ పాంజాంగ్ వైపు ట్యాంకులు కడతామని అడిగితే సర్కారు ఒప్పుకోలేదు. నిప్పు భయం, అంతే. రేవు హద్దులకి బయట ఏదైనా చూసుకోండి అన్నారు. అలా దొరికిందే పులావ్ బుకోమ్, ఒడ్డుకి ఐదారు కిలోమీటర్ల దూరం. ఓడలు మంచినీళ్ళు నింపుకునే చోటు కాబట్టి పాత మ్యాపుల్లో ఫ్రెష్‌వాటర్ ఐలాండ్ అని ఉండేది. మంచినీళ్ళ దీవి చమురు దీవి అయ్యింది.

అంటే మొదటి సేఫ్టీ రూల్ ఏంటంటే దూరం. అంటుకుంటే అక్కడే కాలిపోవాలి, ఊరికి రాకూడదు. మిగతా రూల్స్ అన్నీ తర్వాత వచ్చాయి.

జురాంగ్_వదిన (రాత్రి 10:20)
మేము ఇక్కడ పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాం, బుకోమ్ ఇప్పటికీ మామూలు జనం వెళ్ళే చోటు కాదు, పని చేసేవాళ్ళు ఫెర్రీలో వెళ్ళొస్తారు. మా పక్క బ్లాక్‌లో ఒక పెద్దావిడ చిన్నప్పుడు 1942లో ఆకాశమంతా నల్లగా అయిపోయి మసి వాన పడింది అని చెప్పేది, జపాన్ వాళ్ళ చేతికి దక్కకూడదని బ్రిటిష్ వాళ్ళే బుకోమ్‌లో, మిగతా చోట్ల చమురు ట్యాంకులు తగలబెట్టారంట. ఊరిని కాపాడాలని అంత దూరంలో పెట్టిన దాన్ని చివరికి తామే అంటించాల్సి వచ్చింది. ఆవిడ చెప్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

కొత్తఫోర్త్ (రాత్రి 10:31)
పాతకాగితాలు గారు, చాలా థాంక్స్ అన్నా. కానీ ఇది కిరసనాయిలు దిగుమతి కథ కదా, ఓడ తన ఇంజిన్ కోసం నింపుకునే చమురు సంగతి ఏంటి?

రిటైర్డ్_చీఫ్ (రాత్రి 11:05)
బాబూ, నేను చెప్తా. ముప్పై ఒక్క ఏళ్ళు సముద్రం మీద ఉన్నాను, అందులో పదిహేడేళ్ళు చీఫ్‌గా.

మొదట బొగ్గు. సింగపూర్, కొలంబో, ఏడెన్, రంగం (బర్మాలో రంగూన్), అన్నీ బొగ్గు రేవులే. కూలీలు తట్టల్లో, బుట్టల్లో మోసి బంకర్లలో పోసేవాళ్ళు. బంకర్ అనే మాటే బొగ్గు కొట్టుకి పేరు, చమురు వచ్చినా పేరు మారలేదు. అదే శామ్యూల్ కంపెనీకి బోర్నియోలో బాలిక్‌పాపన్ దగ్గర చమురు పడింది, చిక్కటిది, దీపాలకి అంత పనికిరాదు కానీ బాయిలర్లో కాల్చడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. దాన్ని ఓడలకి అమ్మాలని ఆయన పట్టుబట్టాడు. అయినా 1914 నాటికి ప్రపంచంలో చమురు కాల్చే ఓడలు టన్నేజ్ లెక్కన నూటికి మూడు కూడా లేవు. బ్రిటిష్ నేవీ మారడం, 1914లో ఆంగ్లో పర్షియన్ కంపెనీలో వాళ్ళ సర్కారు పెద్ద వాటా కొనడం, ఆ తర్వాతే ఊపందుకుంది.

ఇప్పుడు సేఫ్టీ. చాలామంది కుర్రాళ్ళకి ఒక భ్రమ ఉంటుంది, ఫర్నేస్ ఆయిల్ చిక్కగా తారులా ఉంటుంది, అగ్గిపుల్ల వేసినా ఆరిపోతుంది, దానికి ఇంత హడావుడి ఎందుకు అని. అగ్గిపుల్ల ఆరిపోయే మాట నిజమే, కానీ అది చల్లగా ఉన్నప్పుడు. కాలేది చమురు కాదు బాబూ, దాని ఆవిరి. ఎంత వేడికి ఆ ఆవిరి మంట తగిలితే గుప్పుమంటుందో అదే ఫ్లాష్ పాయింట్. మూసిన గిన్నెలో వేడి చేసి చిన్న మంట చూపించి కొలిచే పద్ధతి సర్ ఫ్రెడరిక్ ఏబెల్ తయారు చేశాడు, 1879లో ఇంగ్లండ్ చట్టంలోకి ఎక్కింది, 73 డిగ్రీల ఫారెన్‌హీట్ అని గీత గీశారు. దానికంటే తక్కువలో అంటుకుంటే ప్రమాదకరం, ఎక్కువైతే మామూలు సరుకు.

ఇప్పుడు ఒక్కసారి లెక్క వెయ్యి. 73 ఫారెన్‌హీట్ అంటే దాదాపు 23 సెంటీగ్రేడ్. లండన్‌లో అది ఎండాకాలపు మధ్యాహ్నం. సింగపూర్‌లో తెల్లవారుజామున కూడా, మద్రాసులో, రంగంలో ఏడాదిలో చాలా నెలలు అంతకంటే వేడిగానే ఉంటుంది. అంటే ఆ గీతకి కొంచెం పైనున్న చమురు కాగితం మీద మామూలు సరుకు, మన రేవులో డబ్బా మూత తీస్తే అప్పటికే ఆవిరి వదులుతుంటుంది. చల్లటి దేశంలో గీసిన గీత వేడి దేశానికి తెచ్చారు, దాని ఖరీదు ఎవరు కట్టారో నువ్వే ఆలోచించు.

లా_చదువుతున్నా (ఉదయం 6:40)
చీఫ్ గారూ, మీ లెక్క చదివి రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే మన పెట్రోలియం చట్టం 1934ది. ఇప్పటికీ అదే నడుస్తోంది, సవరణలతో. అందులో మొదట డేంజరస్ పెట్రోలియం అంటే 76 ఫారెన్‌హీట్ కంటే తక్కువ ఫ్లాష్ పాయింట్ ఉన్నది. తర్వాత దాన్ని క్లాస్ ఎ, బి, సి అని మార్చారు. క్లాస్ ఎ 23 సెంటీగ్రేడ్ లోపు, బి 23 నుంచి 65, సి 65 నుంచి 93. ఈ అంకెలు ఇంత వింతగా ఎందుకున్నాయని క్లాసులో ఎప్పుడూ అనుకునేదాన్ని. ఇప్పుడు వెనక్కి తిప్పితే 23 అంటే 73 ఫారెన్‌హీట్, 65 అంటే 150, 93 అంటే 200! అంటే మన పెట్రోల్ బంక్ లైసెన్స్ కాగితంలో ఇవాళ కూడా విక్టోరియా రాణి కాలపు థర్మామీటర్ ఉంది.

ఇంకోటి, 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టంలో కొన్ని సెక్షన్లు చదివితే ఆ రేవు కళ్ళకి కడుతుంది. నిషేధించిన హద్దుల్లో ఓడ మీద తారు లాంటివి మరిగించకూడదు. చిమ్నీ లేని దీపం పట్టుకుని సారా పీపాల్లోంచి సారా తీయకూడదు. నూనె, నూనె కలిసిన నీళ్ళు రేవులోకి వదలకూడదు. ఓడ అంటుకుంటే ఆర్పడానికి కెప్టెన్ సహకరించకపోతే శిక్ష. అంటే చట్టంలో నిప్పు భయం చమురు ఒక్కదాని గురించే కాదు, చెక్క ఓడలు, తారు తాళ్ళు, పత్తి బస్తాలు ఉన్న రేవు కదా. చమురు వచ్చాక ఆ పాత భయం మీదే కొత్త రూల్స్ పేర్చారు.

వైజాగ్_షోర్‌మాన్ (ఉదయం 8:15)
అందరూ బ్రిటిష్ వాడు ఊరి కోసమే రాశాడు అన్నట్టు మాట్లాడుతున్నారు. నేను ఆయిల్ బెర్త్ మీద ఇరవై రెండేళ్ళు హోస్ పని చేసినవాణ్ణి. దీపం తీసుకురావద్దు, పొగ తాగొద్దు, గ్యాలీ (ఓడ వంటగది) పొయ్యి ఆపు, ఎర్రజెండా ఎత్తు, రాత్రయితే ఎర్రలైటు పెట్టు, ఇవన్నీ అక్కడ నిలబడ్డవాడి ప్రాణం కాపాడేవి కాదా? రూల్ ఎవరు రాశారన్నది నాకనవసరం, మా మేస్త్రీ చుట్ట కాల్చనివ్వకపోబట్టి నేను ఇవాళ ఇది టైప్ చేస్తున్నా.

పాతకాగితాలు (ఉదయం 9:02)
మీ మాట కాదనను అన్నా, అక్కడ నిలబడ్డవాళ్ళు మీరు. కానీ ఒక్కటి చూడండి. 1890ల్లో ఇంగ్లండ్‌లో దీపాలు పేలి మనుషులు చచ్చిపోతున్నారని పార్లమెంట్ కమిటీ ఏళ్ళ తరబడి కూర్చుంది, 73 చాలదు 100కి పెంచండి అని సిఫారసు చేసింది. 1899లో బిల్లు పెడితే ఓడిపోయింది, గీత పెంచితే చవక కిరసనాయిలు సగం అమ్ముకోలేమని వ్యాపారం ఒత్తిడి. వాళ్ళ దేశంలో వాళ్ళ జనానికే అలా జరిగితే, రంగం రేవులో తెలుగు కూలీ గురించి ఎవరు ఆలోచిస్తారు? చుట్ట కాల్చొద్దనే రూల్ మీకు మేలు చేసింది నిజమే, కానీ ఆ రూల్ రాసినవాడి మనసులో ఉన్నది ఓడ, సరుకు, బీమా.

రంగం_మనవడు (ఉదయం 10:47)
రంగం పేరు రాగానే రాయకుండా ఉండలేకపోయాను. మా తాతగారిది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం దగ్గర పల్లె. పదహారేళ్ళకి బి.ఐ. (బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్) కంపెనీ స్టీమర్ ఎక్కి రంగం వెళ్ళారు. అక్కడ మనవాళ్ళందర్నీ కోరంగీలు అనేవాళ్ళు, మన కోరంగి రేవు పేరే మనకి జాతి పేరు అయ్యింది. తాతగారు మొదట బియ్యం మిల్లు, తర్వాత రేవులో సరుకు మోత, ఆ తర్వాత సిరియం వైపు చమురు దగ్గర పనికి కుదిరారు. సిరియం అంటే నది అవతల, బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీ ఉన్న చోటు, ఎగువ ఉన్న యెనాంజాంగ్ చమురు బావుల నుంచి పైప్‌లైన్‌లో చమురు అక్కడికి వచ్చేది. మీరు బుకోమ్ గురించి చెప్పిందే, ఊరు ఇటు, చమురు నది అటు.

తాతగారు చెప్పిన ఒక మాట నాకు గుర్తుంది. పని దగ్గరికి వెళ్ళేముందు గేటులో మొలలో బీడీలు, అగ్గిపెట్టె తీయించేవాళ్ళంట, దొరికితే ఆ రోజు కూలి పోయినట్టే. కానీ ట్యాంకు లోపలికి దిగి అడుగున మడ్డి ఎత్తి పొయ్యమన్నప్పుడు మాత్రం ముక్కుకి తడి గుడ్డ తప్ప ఏమీ ఉండేది కాదంట. తల తిరిగి పడిపోయిన వాణ్ణి తాడు కట్టి పైకి లాగేవారంట. "అగ్గిపెట్టెకి సోదా ఉంది గానీ ఊపిరికి సోదా లేదురా" అనేవారు. మీ ఇద్దరి వాదన చదువుతుంటే ఆ మాటే గుర్తొచ్చింది, ఇద్దరూ చెప్తున్నది ఒకే గేటు గురించి.

1930 మేలో రేవులో మనవాళ్ళ మీద జరిగిన దాడులు చూశారు. 1942లో రంగం ఖాళీ చేసినప్పుడు సిరియం రిఫైనరీని కూడా బ్రిటిష్ వాళ్ళే తగలబెట్టి వెళ్ళారు. తాతగారు నడిచి వచ్చేశారు. కొంతకాలం విశాఖలో చుట్టాల ఇంట్లో ఉన్నారు.

వైజాగ్_షోర్‌మాన్ (ఉదయం 11:20)
మీ తాతగారి మాట చదివి కాసేపు ఊరుకుండిపోయాను బాబూ. నిజమే, ట్యాంకు లోపలికి గాలి చూసి దించడం అనేది నా సర్వీసులో కూడా మొదట్లో ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. పర్మిట్ కాగితం, గ్యాస్ మీటర్, బయట ఒక మనిషి కాపలా, ఇవన్నీ తర్వాత వచ్చినవి. నేను పొద్దున అన్న మాట సగమే. మిగతా సగం ఆయన చెప్పారు.

లా_చదువుతున్నా (మధ్యాహ్నం 12:05)
రంగం_మనవడు గారూ, దానికి చట్టం వైపు నుంచి ఒక ముక్క. 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే, అందుకే మన 1934 పెట్రోలియం చట్టం విడిపోయాక కూడా అక్కడ అలాగే ఉండిపోయింది, 2017లో గానీ మార్చలేదు. అటు ఏడెన్ కూడా 1937 దాకా ఇండియా కిందే. అంటే ఎర్ర సముద్రం మూల నుంచి ఇరావతి నది దాకా, ఒకే సర్కారు చేతి కింద.

మద్రాస్_బీచ్ (మధ్యాహ్నం 1:30)
దూరం పెట్టడం గురించి మాట్లాడుతూ ఎమ్డెన్ మర్చిపోతే ఎలా. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ క్రూజర్ ఎమ్డెన్ మద్రాసు ఎదురుగా వచ్చి అరగంట లోపే నూట పాతిక దాకా గుండ్లు పేల్చింది, గురి పెట్టింది బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీదే. అవి అంటుకుని రాత్రంతా వెలుతురు. ఊళ్ళో జనం మూటలు కట్టుకుని రైళ్ళెక్కారు. చమురు ట్యాంకులు ఒడ్డునే సముద్రంలోకి కనపడేలా ఉంటే ఏమవుతుందో మద్రాసు చూసింది.

ఇంకో రేవు బొంబాయి, 1944 ఏప్రిల్ 14. అది బంకరింగ్ కాదు, ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో మందుగుండు, పత్తి, నూనె పీపాలు కలిపి వేశారు, పైగా మందుగుండు ఉందని చెప్పే ఎర్రజెండా ఎత్తలేదు. యుద్ధం తొందర. మధ్యాహ్నం మొదలైన పొగని ఆర్పడంలో తడబడ్డారు, సాయంత్రం నాలుగు దాటాక పేలింది. 66 మంది ఫైర్‌మన్లు పోయారు, ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం జరిపేది వాళ్ళ కోసమే. రూల్ ఉంది, జెండా ఉంది, ఎత్తలేదు, అంతే తేడా.

రిటైర్డ్_చీఫ్ (సాయంత్రం 5:18)
కొత్తఫోర్త్ బాబూ, నీకు పనికొచ్చేది చెప్తా.

ఫర్నేస్ ఆయిల్ ఫ్లాష్ పాయింట్ ఇవాళ సోలాస్ ప్రకారం కనీసం 60 సెంటీగ్రేడ్ ఉండాలి. పాత రోజుల్లో 150 ఫారెన్‌హీట్ అనేవాళ్ళు, అంటే 65. గీత గీసి "ఇది సేఫ్ చమురు" అని ముద్ర వేస్తే మనిషి జాగ్రత్త తగ్గిస్తాడు. సేఫ్ అనేది డబ్బా మీద రాసిన చమురుకి, ట్యాంకులో నిజంగా ఉన్న చమురుకి కాదు. జురాంగ్_వదిన గారికి తెలిసే ఉంటుంది, 1978 అక్టోబర్ 12న అక్కడి షిప్‌యార్డ్‌లో స్పైరోస్ అనే గ్రీకు ట్యాంకర్. రిపేరు కోసం కటింగ్ టార్చ్ వాడుతున్నారు. బంకర్ ట్యాంకులో ఫ్యూయల్ ఆయిల్ కదా, అంత తేలిగ్గా అంటుకోదు అనుకున్నారు. అందులో క్రూడ్ ఆయిల్ కలిసి ఉంది, దాని ఆవిరి నిండి ఉంది. 76 మంది చచ్చిపోయారు, మధ్యాహ్నం భోజనం ముగించి పనిలోకి వచ్చిన వాళ్ళు.

అందుకే చెప్తున్నా, ట్యాంకు ఖాళీ అయినా, చల్లగా ఉన్నా, కాగితం మీద 60 అని ఉన్నా, ఎయిర్ వెంట్ (ట్యాంకు గాలి గొట్టం) దగ్గర మంటని లోపలికి పోనివ్వని వైర్ మెష్ చిరిగిందా లేదా నీ చేత్తో తడిమి చూడు.

జురాంగ్_వదిన (సాయంత్రం 6:02)
తెలుసు చీఫ్ గారూ. మా వారి ఆఫీసులో పాతవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఆ తర్వాతే ఇక్కడ ట్యాంకర్లలో వేడి పని చేయాలంటే గ్యాస్ లేదని సర్టిఫికెట్ విషయంలో పట్టు బిగించారని అంటారు. ఇవాళ సింగపూర్ ప్రపంచంలోనే పెద్ద బంకర్ రేవు, 2024లో దాదాపు ఐదున్నర కోట్ల టన్నులు అమ్మింది. ఎంత చమురు ఎక్కిందో కొలిచే మాస్ ఫ్లో మీటర్ 2017 నుంచి తప్పనిసరి. మా కిటికీలోంచి రాత్రిళ్ళు బార్జ్‌ల లైట్లు వరసగా కనిపిస్తాయి, అందులో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో అనుకుంటా.

రిటైర్డ్_చీఫ్ (రాత్రి 8:44)
ఇంకోటి రాయాలా వద్దా అని మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నా. రాస్తాను.

నేను థర్డ్ ఇంజినీర్‌గా ఉన్నప్పుడు ఒక రేవులో, పేరు వద్దు, రాత్రి రెండింటికి బంకరింగ్. పంపింగ్ రేటు తగ్గించమని బార్జ్‌కి చెప్పాను, వాకీటాకీలో సరే అన్నాడు, కానీ తగ్గించలేదు. నేను ట్యాంకు మార్చే వాల్వ్ దగ్గర ఉన్నాను, సౌండింగ్ తీస్తున్న ఆయిలర్ కుర్రాడు విజయనగరం వాడు, పందొమ్మిదేళ్ళు. ట్యాంకు నిండి వెంట్ నుంచి వేడి చమురు పైకి చిమ్మింది. కుర్రాడు మీద పడింది, మోచేయి దాకా, మెడ మీద కాలింది. డెక్ మీద ఎంత చిందింది, సముద్రంలోకి ఎన్ని లీటర్లు పోయింది, ప్లగ్ ఎందుకు వదులైంది, వీటి మీద మూడు రోజులు ప్రశ్నలు అడిగారు. ఆ కుర్రాడి చేయి గురించి అడిగిన ఫారం ఒక్కటే, అది కూడా నేను అడిగి తెప్పించాను. పేజీలో సగం కూడా లేదు.

రంగం_మనవడు తాతగారు అన్న సోదా మాట చదివాక నాకు ఆ కుర్రాడి మెడ కనపడింది. సముద్రం పాడు కాకూడదు, నేను అందుకు ఒప్పుకుంటా, నా సర్వీసంతా దానికోసం కష్టపడ్డా. కానీ కొలిచేది మొదట మనిషిని కొలవాలి. ఆ తర్వాత నా ఓడల్లో చెక్‌లిస్ట్ మొదటి లైను నేనే చేత్తో రాసేవాణ్ణి, వెంట్ ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, సౌండింగ్ తీసేవాడికి ముఖానికి షీల్డ్, పొడుగు చేతుల గ్లవ్స్, నోటితో చెప్పడం కాదు, బార్జ్ వాడు తిరిగి అదే మాట చెప్పేదాకా పంపు రేటు తగ్గినట్టు కాదు.

కొత్తఫోర్త్ (రాత్రి 10:15)
చీఫ్ గారూ, ఇది చదివి మా ఓడ చెక్‌లిస్ట్ తీసి చూశాను. నలభై పైన లైన్లున్నాయి. వెంట్ ఎదురుగా నిలబడకూడదని ఎక్కడా లేదు. మా చీఫ్‌ని అడిగితే "రాయి, పైన రాయి" అన్నారు. రాశాను. వచ్చే వారం ఫుజైరా (గల్ఫ్ వైపు రేవు)లో మళ్ళీ బంకర్ ఉంది, సౌండింగ్ మా వైపర్ (ఇంజిన్ రూమ్ హెల్పర్) తీస్తాడు, బీహార్ కుర్రాడు, రెండో ట్రిప్పు. వాడికి హిందీలో చెప్పాలి. షీల్డ్ స్టోర్‌లో ఒకటే ఉంది, స్ట్రాప్ తెగి ఉంది, ఇప్పుడే కుట్టుకుంటున్నా.

వైజాగ్_షోర్‌మాన్ (రాత్రి 10:22)
రెండోది కూడా ఇండెంట్ పెట్టు తమ్ముడూ, నీకూ కావాలి.